దేశమంత మ్యాపు

"అబ్బాయ్, నీ మ్యాపు ఇంకా ఎక్కలేదా?" తలుపు దగ్గర నిలబడి అడిగాడు బాబాయ్. బాబాయ్ అంటే మా ఆఫీసు బండి డ్రైవరు. నాకొక్కడికే కాదు, అందరికీ బాబాయే.

"ఎక్కుతోంది బాబాయ్."

"నిన్నా అదే అన్నావు."

నిన్నే కాదు, మొన్న కూడా అన్నాను. ఆ ఆఫీసులో నేను కొత్తగా చేరిన కంప్యూటర్ ఆపరేటర్ని. కంప్యూటర్ మాత్రం నాకంటే చాలా సీనియర్. ఒకేసారి రెండు పనులు చెబితే మొదటిది మర్చిపోతుంది. అలాంటిదాంట్లోకి దేశం మొత్తం మ్యాపు ఎక్కించేస్తానని మా ఆఫీసరు మేడమ్ ముందు గొప్పలు పోయాను.

"మన బండి ఊరు దాటదు కదయ్యా. మన ఊరొక్కటే విడదీసి ఎక్కించలేవా?" అని మేడమ్ ఆ రోజే అడిగారు. మేడమ్‌కి కంప్యూటర్లు తెలియవు. ఇంగితం తెలుసు. నాకు మొదటిది కొద్దిగా వచ్చు.

"చేస్తే పూర్తిగా చెయ్యాలి మేడమ్" అన్నాను.

మ్యాపు అవసరం మాత్రం నిజమే. ఎవరైనా పిలిస్తే మా బండి తిన్నగా వాళ్ళ గుమ్మం ముందుకి వెళ్ళాలి. అదే మా ఉద్యోగం. పిలుపు ఉన్నా లేకపోయినా బాబాయ్ రోజూ బండి కడిగి, ట్యాంకు నింపి సిద్ధంగా పెడతాడు. పోయిన నెల ఒకే పేరున్న రెండు వీధుల దగ్గర తికమకపడి తప్పు వీధికి వెళ్ళాడు. సరైన ఇంటికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఇంటావిడ గొంతు పెంచలేదు. "ఇప్పుడెందుకొచ్చారు? వెళ్ళిపోండి" అంది అంతే. ఆ పూట బాబాయ్ భోజనం ముట్టలేదు.

పై ఆఫీసు వాళ్ళు మాత్రం గట్టిగానే అన్నారు. సోమవారం వచ్చి చూస్తారట. అప్పటికి మ్యాపు నడవకపోతే బండినీ బాబాయ్‌నీ పక్క ఊరికి మార్చేస్తారట.

మొదటిసారి మ్యాపు సగంలో ఆగి, చోటు చాలదంది. పాత ఫైళ్ళు చెరిపేశాను. రెండోసారి మెమరీ చాలక కంప్యూటర్ కొయ్యబారిపోయింది. డిస్కులో కొంత భాగాన్నే మెమరీ అనుకోమని దానికి నచ్చజెప్పాను. పాపం, అనుకుంది. అప్పటినుంచీ లోపల గులకరాళ్ళు నములుతున్న చప్పుడు. రోడ్లన్నీ ఎక్కాక, పేరు కొడితే వీధి దొరికేలా సూచిక తయారుకావాలి. దానికి మళ్ళీ అంత చోటూ కావాలి. ఇంటి నుంచి నా సొంత హార్డ్ డిస్కు పట్టుకొచ్చాను. అందులో మా పెళ్ళి వీడియో ఉండేది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి నా గది చూడాలి. ఆఫీసు కంప్యూటర్, మ్యాపు కాపీ చెయ్యడానికి తెచ్చిన, బండిలో పెట్టే చిన్న కంప్యూటర్, బయటి డిస్కులు, మూత విప్పేసిన కంప్యూటర్ మీదికి తిప్పిన టేబుల్ ఫ్యాను, నా టీ కెటిలు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వేలాడుతున్నాయి.

ఇంటికి బయల్దేరుతూ మేడమ్ తొంగిచూశారు. "ఒక్క బోర్డుకి ఇన్నా? ఊళ్ళోవాళ్ళకి చెప్పి చెప్పి, మనమే ఇలా చేస్తే ఎలాగయ్యా?"

"ఒక్క గంట మేడమ్, అయిపోతుంది."

ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ ఏదో శిక్షణ ఇచ్చారు. వెనక వరసలో కూర్చుని, ఫోన్‌లో హార్డ్ డిస్కుల బొమ్మలు చూసుకున్నాను.

గంట కాదుగానీ, సాయంత్రానికి నిజంగానే అయిపోయింది! కాపీ కూడా పూర్తయింది. ఆ ఇంటావిడ వీధి పేరు కొట్టాను. రెండు వీధులూ విడివిడిగా, ఏ మలుపు ఎటో తెలిసేలా తెర మీదికి వచ్చాయి. ఇంక బాబాయ్ పక్క ఊరికి వెళ్ళక్కర్లేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషం అనుకున్నాను.

పొగ.

బల్ల కింద బోర్డు కరుగుతోంది. నేను నోరు తెరిచి చూస్తుండగానే భగ్గుమంది. కర్టెన్ అంటుకుంది. బండి కంప్యూటర్ని చంకలో ఇరికించుకుని వరండాలోకి పరుగెత్తాను. ఏం చెయ్యాలో బుర్రకి తట్టలేదు. సెల్‌ఫోన్ తీసి, ఇలాంటప్పుడు ఎవరైనా కొట్టే నంబరే కొట్టాను.

మా ముందు గదిలో ఫోన్ మోగింది, బాబాయ్ ఎత్తి తాపీగా అన్నాడు: "ఫైర్ స్టేషన్ అండీ, అడ్రసు చెప్పండి."