గంట ప్రయాణం

“జర పోనియ్యి టీచరమ్మా! మా కల్యాణ్ ఇయ్యాల విమానంల చెన్నై పోతుండు. పోయేలోపు ఒక్కసారి సూడాలె.”

బీక్యా చేతులు జోడించాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతోంది. జనగామలో జనం రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. సమ్మెలో ఉన్న టీచరు అరుంధతి అతన్ని పొయ్యి పక్కకు పిలిచింది.

“ఎక్కడినుంచి అన్నా?”

“కొత్తగూడ అవతల తండా. నా భార్య, కొడుకు పట్నంల బిల్డింగు పనికి పోయిన్రు. పొద్దుగాల ఫోనొచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు లేవు. దొరికిన బండినల్లా ఎక్కిన.”

“నేను దాటిస్త. గని ముందు ఆలేరు, భువనగిరి అంతా బందే. పొద్దుగూకితే గని చేరవు.”

బీక్యా ముఖం వాడిపోయింది.

“పట్నం విమానాలకాడికెల్లి చెన్నై ఎంత దూరం టీచరమ్మా?”

“ఐదు వందల కిలోమీటర్ల పైనే. విమానంలైతే గంట, జర ఎక్కువ. రైల్లైతే ఒక రాత్రంత.”

“రైల్ల కుదరదట.”

అంతలోనే ఫోను మోగింది. భార్య మోతీబాయి గొంతు బొంగురుపోయి ఉంది.

“ఎక్కడున్నవ్? నీ మాటకోసం ఆగిన్రు. రాత్రి విమానందాకా ఆపమంటవా? అంతదాకా నమ్మకం లేదంటున్నరు. ఇప్పుడైతేనే పనైతదట.”

కొడుకు చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని, ఆ వెచ్చదనం అరచేతికి తగలాలని పొద్దున్నుంచీ ఒకటే ఆరాటం.

“పంపు,” అన్నాడు చివరికి. “నాకోసం ఆపకు. నా తరఫున నువ్వే వాని తల నిమురు.”

ఫోను జేబులో పెట్టి అక్కడే కూలబడ్డాడు. అరుంధతి విస్తరిలో అన్నం తెచ్చింది.

“కొడుకు విమానమెక్కుతుంటె సంబురపడాలె గని, గిట్ల ఏడుస్తరా అన్నా?”

“పోయినోడు మల్ల రాడు గదా టీచరమ్మా.”

“అందరు గట్లనే అనుకుంటరు. కొత్త ఊరు, నాలుగు దినాలల్ల అలవాటైతది. మరి నువ్వింక పట్నమెందుకు? తండాకు మర్లిపో.”

“మోతీబాయి ఒక్కతే ఉన్నది. వాణ్ని... ఇంటికి తోలుకపోవాలె.”

దుఃఖంలో తడబడుతున్నాడనుకుంది అరుంధతి. తమ్ముడికి ఫోను చేసి, మోటారుసైకిలు మీద అతన్ని దాటించమంది. పెట్రోలు బంకులన్నీ మూసే ఉన్నాయి. ఎక్కడెక్కడో అడిగి పోయించుకుని తమ్ముడు వచ్చేసరికి బాగా చీకటి పడింది.

బీక్యా బండి ఎక్కబోతుండగా మళ్లీ ఫోను. వెంటనే ఎత్తాడు.

“చేరిన్రా?”

“ఎప్పుడో చేరిన్రు.” మోతీబాయి వెక్కిళ్లు పెడుతోంది. “ఇప్పుడే చెప్పిన్రు.”

“ఏమన్నరు?”

“ఎవరో ఆడిపిల్ల ఛాతిల మన కల్యాణ్ గుండె కొట్టుకుంటున్నదట.”