గోడవతలి ఈల

నిన్న సాయంత్రం తన చేత్తో ఊడదీసి అట్టపెట్టెలో పెట్టిన అన్నయ్య పాత గ్రాఫిక్స్ కార్డు, పొద్దున చూస్తే మళ్లీ కంప్యూటర్లోనే ఉంది.

చిన్నాడు కళ్లు నులుముకున్నాడు. తను బిగించిన కొత్త కార్డు పెట్టెలో ఉంది. మొన్న కూడా ఇంతే. అప్పుడు మతిమరుపు అనుకున్నాడు. రెండోసారి అలా అనుకోవడానికి మనసొప్పలేదు.

“వదినా, ఈ గదిలోకి ఎవరొచ్చారు?”

వదిన గడప అవతలే నిలబడింది. అన్నయ్య పోయినప్పటి నుంచీ ఆమె ఆ గడప దాటదు. ఇళ్లకు ప్లాన్లు గీసే అన్నయ్య ఈ కుర్చీలోనే, పని మధ్యలో గుండె ఆగి పోయాడు. ఆ రోజు ఆమె పుట్టింట్లో ఉంది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు.

“నేనెందుకొస్తాను చిన్నా? దాన్ని అమ్మెయ్యమని నీ ప్రాణం తీస్తున్నదే నేను.” ఆమె గొంతు తగ్గింది. “ఆ తీగలు చూడు.”

కార్డుకు కరెంటు అందించే తీగలు దారంతో కట్టి ఉన్నాయి. రెండు చుట్లు, మధ్యలోంచి ఒక మెలిక. అన్నయ్య ఎన్నిసార్లు చూపించినా చిన్నాడికి రాని ముడి అది.

“అది ఆయన ముడి,” అంది వదిన.

చేతికర్ర తాటించుకుంటూ నాన్న వచ్చాడు. జీవితమంతా ఇళ్లకు వైరింగు చేసిన మనిషి. ఇప్పుడు పని మానేశాడు గానీ, ఆయన నోటికి ఇంకా సప్లయి ఆగలేదు.

“కార్డు మారిందా? నీ బుర్ర మారుంటుంది. ముందు ఆ కూసేదాన్ని వదిలించరా. చెవుల్లో మేకులు దిగుతున్నాయి.”

నిజంగానే ఆ పాత కార్డు కూస్తుంది. తెరమీద ఆట జోరందుకుంటే చాలు, సన్నగా మొదలై, పైకి లేచి, అక్కడే సాగుతుంది. అచ్చం పనిలో పడ్డప్పుడు అన్నయ్య వేసే ఈల. అన్నయ్యే దాన్ని విని నేర్చుకున్నాడో, అదే అన్నయ్య దగ్గర నేర్చుకుందో.

“లోపల రాగి చుట్టలు వణికితే వచ్చే చప్పుడు వదినా. అంతే,” అని చిన్నాడు చెబుతూనే ఉన్నాడు. ఆమె నిద్రపోయి మాత్రం చాలా రోజులైంది.

మధ్యాహ్నం కార్డు కొనడానికి గేమింగ్ సెంటర్ యజమాని వచ్చాడు. పెట్టెలో ఉన్నది అమ్మకానికి, కంప్యూటర్లో ఉన్నది ఇంటికి అన్నది చిన్నాడి లెక్క. అందుకే పొద్దున్నే పాతదాన్ని మళ్లీ పెట్టెలోకి మార్చాడు. వచ్చినాయన ఆ లెక్కకు ఒప్పుకోలేదు.

“రెండూ గీతలు గీయడానికి పుట్టినవే తమ్ముడూ, ఆటలకు కాదు. ఏది బాగా ఆడుతుందో నా కళ్లతో చూడాలి.”

ముందు కొత్తది. చప్పుడు లేదు, వేడి లేదు, కరెంటు కూడా తక్కువే. కానీ తెరమీద కారు ప్రతి మలుపులో ఎక్కిళ్లు పెట్టింది. తర్వాత పాతది బిగించాడు. కారు నూనె రాసినట్టు జారిపోయింది.

ఈల మొదలైంది.

పక్కగదిలోంచి గోడ మీద కర్ర దబదబా మోగింది. “ఆపండెహె!”

ఈల టక్కున ఆగిపోయింది.

గడప దగ్గర వదిన తలుపు పట్టుకుంది. “ఆయనా అంతే. మామయ్య కొట్టగానే ఆపేసేవారు.”

“ఆటలో సీను మారింది వదినా, కార్డు మీద బరువు తగ్గింది.” చిన్నాడు మామూలుగానే అన్నాడు. మౌసు మాత్రం వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

యజమానికి ఇవేవీ పట్టలేదు. “కొత్తదానికి రేటెక్కువ, ఆట తక్కువ. నాకు పాతదే గిట్టుబాటు.”

“ఈల వేస్తుందన్నా. ముందే చెబుతున్నా.”

“మా సెంటర్లో పిల్లల కేకలకు విమానం దిగినా వినపడదు. ఇటివ్వు.”

డబ్బిచ్చి, కార్డు సంచిలో వేసుకుని వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. “పీడా వదిలింది,” అని లోపలికి నడిచాడు.

వదిన చాలా రోజుల తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నాన్న గదిలో మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. రెండో చొక్కా చేతిలో ఉండగా వినిపించింది.

గోడ అవతల, ఈల.

“చిన్నా!”

చిన్నాడు పరుగెత్తుకొచ్చాడు. విన్నాడు. “కంప్యూటరు ఆపేశాను వదినా. ప్లగ్గు కూడా పీకేశాను.”

ఈల ఆగలేదు. ఇందాకటి కంటే సన్నగా, మధ్యమధ్య ఊపిరి అందనట్టు తెగుతూ వస్తోంది. మంచానికి ఆనించి ఉన్న నాన్న కర్రను వదిన అందుకుంది. ఎందుకలా చేస్తోందో ఆమెకే తెలియదు. గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది.

ఈల ఆగింది.

కాసేపటికి అది మళ్లీ మొదలైంది.

కర్ర ఇక్కడే ఉంది, మరి నాన్నేడని చిన్నాడికి అప్పుడు తట్టింది. వెళ్లి అన్నయ్య గది తలుపు నెట్టాడు. ఇన్నాళ్లకు వదిన కూడా గడప దాటింది.

ఆరిపోయిన తెర ముందు, అన్నయ్య కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. పెదాలు ఇంకా సున్నా చుట్టినట్టే ఉన్నాయి.

“కార్డులు మార్చింది నేనేరా. ఆ ముడి వాడికి నేర్పిందీ నేనే,” అన్నాడు తల తిప్పకుండా. “నేను గోడ మీద కొడితే వాడు ఆపేవాడు, కాసేపాగి మళ్లీ మొదలెట్టేవాడు. వాడు పోయిన రాత్రి కొట్టాక మళ్లీ మొదలెట్టలేదు. హమ్మయ్య, ఇన్నాళ్లకు నా మాట విన్నాడనుకుని పడుకున్నాను.”