వాకిలి ఊడ్చే బొరియ

ఆ కాలానికి భీమిలి ఒడ్డున సగం మంది ఆడవాళ్లకు సముద్రం అడుగు చూసే పనే. నూకరత్నం వంటింటి తెర మీద చూస్తున్నది గ్రీన్‌లాండ్ మంచుకొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఒక సముద్రపు పాయ అడుగు. అక్కడ కేబుల్ వేసే ముందు, పాకే యంత్రం చూపించే ప్రతి బొరియలోనూ ప్రాణి ఉందో లేదో ఆమె తేల్చాలి. ఆమె లేదని తేలిస్తే, ఆ బొరియను రాళ్లు పోసి కప్పేస్తారు.

ఆ బొరియ ఖాళీ అంది యంత్రం. నలభై రోజులుగా ఎప్పుడు వెళ్లి చూసినా కదలిక లేదట. చుట్టూ ప్రాణి తిరిగిన పాత జాడలు కూడా పూడిపోయాయి. నూకరత్నం సరేనని మీట నొక్కబోయింది.

"ఒలే, ఆగు," అంది వెనకాల చేపలు తోముతున్న అత్త మసేనమ్మ. చిన్నప్పుడు ఒడ్డు పొడుగునా పీతల బొరియలు తవ్విన మనిషి. "పైనించి రాల్తన్నదేటది?"

"మంచు అరగదీసిన మట్టి అత్తా. రేత్రీ పగలూ రాల్తానే ఉంటాది."

"మరి జాడలు పూడిపోతే బొరియ నోరెందుకు పూడనేదే? లోపల ఎవులో వాకిలి ఊడుత్తన్నారు."

వెలుగుకి బెదిరే అది బయటికి రావట్లేదేమోనని నూకరత్నం యంత్రం దీపం ఆర్పేసింది. కేబుల్ వేసే ఓడ ఆగిపోయిందని పైవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నా, పులుసు ఉడికేదాకా ఆగి మళ్లీ వెలిగించింది.

బొరియ ముందు కొత్త మట్టి ఉండలు. అక్కడ బయల్దేరిన సన్నటి జాడ ఒకటి యంత్రం చుట్టూ పూర్తిగా తిరిగి, మళ్లీ బొరియలోకే పోయింది.

"ఎవులొచ్చినారో సూసెల్లిపోనాదే," అంది మసేనమ్మ.