వంకర రాడ్డు

"ఈ వంకర ఎక్కడిది? చెప్పండి! ఎంతకి అమ్ముకున్నారు నా డిజైన్ని?"

ఫోన్ని బల్ల మీదికి విసిరేసినంత పని చేసిందామె. తెర మీద పోటీ షెడ్డువాడి కొత్త బండి ఫొటో ఉంది. రాళ్లలో, గుట్టల్లో తిరగడానికి చేసిన బండి. ముందు ఇరుసును ఛాసీకి కలిపే పొడుగాటి లింకు రాడ్డు అందులో స్పష్టంగా కనబడుతోంది. రాడ్డు మధ్యలో చిన్న వంపు.

డ్రాయింగులు గీసే పెద్దాయన ఫొటో వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు పెట్టుకుని తిరుగుతాడని షెడ్డులో అందరూ ఆయన్ని స్కేలు బాబాయి అంటారు.

"నాకేం తెలుసమ్మా?"

"మన ఇంజను ఆయిల్ చాంబర్‌కి తగలకూడదని ఆ రాడ్డు వంచాను నేను. వాడి ఇంజనుకి చాంబరు అటువైపే లేదు! మరి వాడెందుకు వంచినట్టు? ముద్దొచ్చిందా? కళ్లు మూసుకుని కాపీ కొట్టాడు వెధవ! ఆ డ్రాయింగులు మీ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడున్నాయి?"

"ఒట్టమ్మా, నేను కాదు..."

"బుకాయించకండి! బాబాయ్ బాబాయ్ అని నెత్తిన పెట్టుకున్నందుకు నా గొంతే కోశారు. వెళ్లండి. మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

పెద్దాయన జేబులోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది షెడ్డుదేనమ్మా," అని, తల వంచుకుని బయటికి నడిచాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ఆమె అన్న నిట్టూర్చాడు. షెడ్డు అన్నాచెల్లెళ్లిద్దరిదీ. డిజైను ఆమెది, అమ్మకాలు అతనివి.

"పాపం, పెద్దవాడే. పోనీ వదిలెయ్యకూడదూ?"

"నీ జాలి తగలెయ్య! వదిలేస్తే రేపు షెడ్డు కూడా మోసుకుపోతారు. పద, ట్రయల్‌కి టైమవుతోంది."

గనుల కంపెనీ వాళ్లు ఆ రోజు రెండు షెడ్ల బండ్లనూ పరీక్షించి, ఒకదానికి ఆర్డరు ఇస్తారు. అన్నాచెల్లెళ్ల బండిని డ్రైవరు ముందే తీసుకెళ్లాడు. ఆమె కారు నడుపుతుంటే అన్న సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"కాస్త మెల్లగా పోవే తల్లీ! అయినా ఫొటో చూపిస్తే వాళ్లు నమ్ముతారంటావా? రాడ్డుకి వంపు ఎవడైనా పెట్టుకోవచ్చు."

"ఫొటో ఎవడిక్కావాలి? బండే చెబుతుంది. మొన్న భోంచేస్తూ చెప్పలేదూ నీకు? స్టీరింగు రాడ్డూ, ఇరుసుని పక్కకి జరగనివ్వని అడ్డరాడ్డూ రెండూ ఒకే వాలులో ఉండాలి. లేకపోతే చక్రం రాయెక్కగానే స్టీరింగు దానంతటదే తిరిగిపోతుంది. బాబాయికిచ్చిన కొలతలో అడ్డరాడ్డు బ్రాకెట్టుని కావాలనే రెండంగుళాలు కిందికి పెట్టాను. ఆయన ఇచ్చిన అంకె ఇచ్చినట్టు గీస్తాడంతే, ఈ రాడ్ల లెక్క ఆయనకి తెలీదు. మన బండికి మాత్రం ఆ బ్రాకెట్టు నేనే సరైన చోట వెల్డింగు చేసి, పైన రేకు కప్పేశాను. ఇంక ఆ దొంగబండి అందరి ముందూ తలకాయ తిప్పుకోవాల్సిందే!"

"డ్రైవరుకేమైనా అయితే?"

"ర్యాంపు మీద నత్తనడకేగా. వాడి ప్రాణం పోదు, వాళ్ల ఓనరు పరువు పోతుంది."

"ఈ పంతాలెందుకు, వాళ్లతో కలిసిపోదామంటే వినవు కదా."

"మళ్లీ మొదలెట్టకు!"

వాళ్లు వెళ్లేసరికి పోటీ బండి ఒక పక్క చక్రంతో ర్యాంపు ఎక్కుతోంది. ఎడమ చక్రం మెల్లగా పైకి లేచింది. మోకాలెత్తు దాటింది, నడుమెత్తు దాటింది. ఆమె పిడికిళ్లు బిగించి, "తిరుగు... తిరుగు..." అని పళ్లు నూరుతోంది.

స్టీరింగు కదల్లేదు. డ్రైవరు రెండు చేతులూ వదిలేసి, గాల్లో ఊపి చూపించాడు. కంపెనీ వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ర్యాంపు దిగిన బండి దగ్గరికి జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. "ఏంటమ్మా ఇది, మా బండి కిందికి..." అంటూ పోటీ షెడ్డు ఓనరు అడ్డం వచ్చాడు.

"తప్పుకోండి!"

మట్టిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరింది. వంకర రాడ్డు అక్కడే ఉంది, అచ్చం తనదే. అడ్డరాడ్డు బ్రాకెట్టు మాత్రం రెండంగుళాలు పైన, ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే ఉంది. కింద ఇంకో బ్రాకెట్టు వేసి కోసేసిన మచ్చ ఉందేమోనని వేళ్లతో తడిమి చూసింది. ఛాసీ నున్నగా ఉంది.

ఆ షెడ్డు వెల్డరు వంగి తొంగిచూశాడు.

"ఈ బ్రాకెట్టు మార్చి వేశారా?" అని అడిగింది.

"మార్చడం దేనికమ్మా? నిన్న పొద్దున మా ఓనరు గీత గీసిచ్చిన చోటే వేశాను. బండి ర్యాంపెక్కడం కూడా ఇదే మొదలు."

ఆమె మట్టిలో ఈడ్చుకుంటూ బయటికి వచ్చేసరికి ఎదురుగా అన్న ఉన్నాడు. లేపడానికి చెయ్యి చాపాడు.

"లే, ఇంటికి పోదాం. ఆ ముసలాడి సంగతి తర్వాత చూద్దాంలే."

ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు.

"బాబాయి దగ్గరున్నది తప్పు కొలత. అది తప్పని నేను చెప్పింది నీకొక్కడికే, అన్నయ్యా."