బిగించిన దుప్పటి

ముప్పయ్యేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన అమ్మకి ఇంట్లోనూ డ్యూటీయే. అర్ధరాత్రి కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. వేడిగా ఉంటే నిద్రలోనే నోట్లో థర్మామీటర్ పెట్టేది. ఆ పైన, వార్డులో లాగే, దుప్పటి అంచులన్నీ పరుపు కిందికి బిగించి దోపేది. ఇక వాడు తెల్లారేదాకా కదిలితే ఒట్టు!

ఆవిడ పోయి నెలయింది. కొడుక్కిప్పుడు నలభై ఐదేళ్లు, పెద్ద ఆఫీసరు. రెండు రోజులుగా జ్వరం ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు. ఆ రాత్రి మెలకువ వచ్చి లేవబోతే కాళ్లు కదలలేదు. దుప్పటి చుట్టూ బిగుసుకుని ఉంది.

"ఏమోయ్, దుప్పటి నువ్వు దోపావా?" గుసగుసగా అడిగాడు.

"అదే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నా," అంది భార్య. "నా కాళ్లూ కదలట్లేదు."

హాల్లో రబ్బరు చెప్పుల చప్పుడు. మెల్లగా వచ్చి మంచం పక్కన ఆగింది. తర్వాత, ఎవరో థర్మామీటర్ విదిలించిన చప్పుడు.

"మీకు జ్వరమా?" భార్య తల తిప్పి అడిగింది.

"కొంచెం."

"నాకు చెప్పొద్దూ? సరే, నోరు తెరవండి. అత్తయ్యకి రెండోసారి చెప్పే అలవాటు లేదు."

ఆఫీసరు కళ్లు గట్టిగా మూసుకుని, బుద్ధిగా నోరు తెరిచాడు.