ఎడమకు బాణం

పందెం ఉదయం ఏడింటికి. ఆరున్నరకే నిరోష వచ్చేసింది.

గెలిచినవాళ్లకు ఉద్యోగం. పార్కులో కంకర బాట మీద సైకిలు తొక్కుతూ, వచ్చినవాళ్లకు దారి చూపించే గైడు ఉద్యోగం. ఉన్నది ఒకటే పోస్టు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పేర్లిచ్చింది పదకొండు మంది. ఇంటర్వ్యూ పెడితే సిఫారసులు వస్తాయని, తొమ్మిది కిలోమీటర్ల బాట ఎవరు ముందు తిరిగొస్తే వాళ్లకేనని తేల్చేశారు. ఈ మాత్రం న్యాయం ఈ రోజుల్లో ఎక్కడుంది?

నిరోషకు ఈ ఉద్యోగం కావాలి. తండ్రి జంగయ్య అదే పార్కులో మొక్కలకు నీళ్లు పోస్తాడు. ఒకటో తారీఖు నుంచి పైపులు వాటంతట అవే నీళ్లు చిమ్ముతాయట, ఇక రావద్దన్నారు. ఆయనవి ఫ్లోరైడు నీళ్లు తాగి పట్టేసిన మోకాళ్లు. కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. అలాంటి మనిషిని ఇంకెవరు పనికి పిలుస్తారు? తల్లి పోయి రెండేళ్లయింది. పునరావాస కాలనీలో ఆ ఇంటికి ఇక మిగిలింది నిరోష కాళ్లే.

నెల రోజులు సాధన చేసింది. బాట ముందు సరుగుడు తోటలోంచి పోతుంది. అక్కడ రాలిన ఆకు మీద చక్రం జారుతుంది. తోట దాటాక రిజర్వాయరు గట్టు. ఎండిపోయిన చెట్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. వాటి మీద కొంగలు. ఏడో కిలోమీటరు దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే గేటు. కుడికి పోయేది పాత బండ్లబాట, కొంచెం దూరం పోయి నీళ్లలో ఆగిపోతుంది. ఎవరూ పొరపాటు పడకుండా ఎడమకు పసుపుపచ్చ బాణం పాతారు. సాధనలో నిరోష ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ చీలిక రాగానే తల వంచుకుని, ఎడమ పక్కనే చూస్తూ తొక్కేది.

మేనేజరు పరశురాం మైకు పట్టుకున్నాడు. ఈ తడినేల, ఈ కొంగలు ప్రకృతి మనకిచ్చిన వరమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర బండ మీద కూర్చున్న జంగయ్య కొట్టలేదు. చేతులు కూడా నొప్పులేమో.

కూతురిని దగ్గరికి పిలిచాడు.

"దమ్ము చాలనప్పుడు ఏం సోంచాయించకు బిడ్డా. బడి ఇడిసినంక ఆకలైతాందని సైకిలు మీద ఉరికొచ్చేదానివి, యాదికున్నదా? గట్లనే తొక్కు. కాళ్లకు తెలుస్తది."

"సరే బాపు."

అందరికీ పార్కు సైకిళ్లే ఇచ్చారు. లావు టైర్లవి, నడిచేవాళ్లు తప్పుకోవడానికి బెల్లున్నవి. ఈల వేశారు.

మూడో కిలోమీటరుకే సగం మంది వెనకబడ్డారు. తోట దాటేసరికి ముందున్నది ఇద్దరే, హాలియా నుంచి వచ్చిన విజేందర్, అతని వెనక నిరోష. గట్టు మీద ఎదురుగాలి మొదలైంది. ఆరో కిలోమీటరులో అతన్ని దాటేసింది. వంద గజాలు ముందుకు పోయింది. కళ్లలో చెమట, నోట్లో దుమ్ము. ఊపిరి అందడం లేదు. బాపు చెప్పింది గుర్తొచ్చింది. ఆలోచించడం మానేసి కాళ్లకే వదిలేసింది.

చీలిక వచ్చింది. మనిషంత బాణం ఎడమకు చూపిస్తోంది.

నిరోష కుడికి తిరిగింది.

అక్కడ కాపలా ఉన్న చెన్నయ్య కేక వేశాడు. ఆమెకు వినబడలేదు. పల్లం దిగింది. చక్రాలు సగం మునిగేదాకా పోయి నీళ్లలో ఆగింది. ఆగి, బెల్లు రెండుసార్లు కొట్టింది. ఎవరి కోసం కొట్టిందో చెన్నయ్యకు అర్థం కాలేదు. ఎదురుగా కొంగలు తప్ప ఎవరూ లేరు. ఆ చప్పుడుకు అవి కూడా లేచిపోయాయి.

ఇటు విజేందర్ గేటు దాటాడు. దండ వేశారు. కాగితాల మీద సంతకాలు అక్కడికక్కడే అయిపోయాయి.

నిరోష సైకిలు నడిపించుకుంటూ అందరికన్నా చివర వచ్చింది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. అంత బాణం కనబడలేదా అని పరశురాం అడిగాడు. కనబడిందంది. మరి అటెందుకు పోయావంటే వంగి ప్యాంటు అంచులు పిండుకుంది. దారి తెలియని పిల్ల జనానికి దారేం చూపిస్తుందని వెనకనుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వు వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నిరోష మాత్రం కొత్తగా చూస్తున్నట్టు తన కాళ్లనే చూసుకుంటోంది.

నీళ్ల మీదుగా ఆ చోటు గేటుకు దగ్గరే, చప్పుడు దూరం పోతుంది. ఆ బెల్లు గేటు దాకా వినబడింది. అది వినగానే, ఎవరూ చెయ్యివ్వకుండానే, జంగయ్య బండ మీంచి లేచాడు. ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

"నువ్వు తొవ్వ తప్పలే బిడ్డా," అన్నాడు. "సక్కగనే పోయినవ్. నేనే చెడగొట్టిన."

రిజర్వాయరు నిండకముందు ఆ కుడి బాట చివర వాళ్ల ఇల్లుండేది, బడి నుంచి వచ్చిన నిరోష బెల్లు రెండుసార్లు కొడితే జంగయ్య లేచి తలుపు తీసేవాడు.