ఒక్కటే దిద్దుబాటు

“మొత్తం కొట్టేస్తారా సార్?” అడిగాడు సంగిల్.

పాటల పరిశీలన ఆఫీసులో బాంగ్ కాగితం మీంచి తల ఎత్తలేదు. సియోల్‌లో సైనిక పాలన రోజులవి. ఆయన ముద్ర పడకుండా ఒక్క రికార్డూ బయటికి రాదు. వాన మీద పాట రాసినా వరద రావాలని కోరుతున్నారా అని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేవాడు.

ఈ పాట వాన మీద కాదు. కుట్టు ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. తొమ్మిది మంది ఆడపిల్లలు కాలి చచ్చిపోయారు. అందులో ఒకతె సంగిల్ చెల్లెలు మల్‌సూన్. గొళ్ళెమే లేదంది కంపెనీ. పోలీసులు అదే రాసుకున్నారు. చూసినవాళ్ళు ఉన్నారు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది కాబట్టి విప్పరు. కంపెనీ మీద వేసిన కేసులో సాక్ష్యానికి వాళ్ళని కదిలించడానికే సంగిల్ బ్యాండ్ ఈ పాట కట్టింది. “గొళ్ళెం పెట్టిన చెయ్యి ఎవరిది? చూసినవాళ్ళు చెప్పండి” అని ముగుస్తుంది.

“నాకూ ఆ వయసు కూతురుంది,” అన్నాడు బాంగ్. “ఒక్కటే దిద్దుబాటు. ‘చెప్పండి’ కాదు, ‘రాయండి’ అని పెట్టు. వినేవాళ్ళు రేడియోకి కార్డు ముక్క రాస్తారు. పాట నిలబడుతుంది.”

టక్కున ముద్ర పడింది.

మెట్లు దిగుతుంటే డ్రమ్ములు వాయించే దోక్సూకి ఇంకా నమ్మకం కుదరలేదు. “అన్నా, సర్కారులో మనుషులు కూడా ఉంటారా?”

“ఒకడున్నాడు. దిష్టి పెట్టకు.”

ఒక్క పూటలో రికార్డు చేశారు. రెండోవైపు రూలు ప్రకారం దేశభక్తి పాట. దాన్ని దోక్సూ ఆవులిస్తూ వాయించాడు. మొదటివైపు వాయించేటప్పుడు కర్ర విరగ్గొట్టాడు.

“కొత్త కర్ర ఎవడు కొంటాడ్రా?”

“కంపెనీవాడు కొంటాడు అన్నా. కేసు గెలిచాక.”

పాట ఊరంతా పాకింది. బస్సుల్లో అదే, టీ దుకాణాల్లో అదే, ఫ్యాక్టరీ పిల్లల హాస్టళ్ళలో అదే. రేడియోకి కార్డులు బస్తాలకొద్దీ వచ్చి పడ్డాయి. పేరు, చిరునామా లేని కార్డుకి అక్కడ పాట వెయ్యరు. అందుకని అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశారు.

రేడియో స్టేషన్‌లో సంగిల్ ఒక కార్డు చదివి కుర్చీలో కూలబడ్డాడు. “నాది మూడో వరస మిషన్. గొళ్ళెం పెట్టింది సూపర్‌వైజర్. కోర్టులో చెప్తాను. ఓక్‌బున్.”

అలాంటివి పదిహేడు దొరికాయి. చిరునామాలు రాసుకున్నారు.

“సాక్షులు ఇద్దరు చాలు,” అన్నాడు కేసు చూస్తున్న వకీలు.

సోమవారం ఓక్‌బున్ అద్దె గదికి వెళ్ళారు. తలుపు బార్లా తీసి ఉంది. అన్నం గిన్నె నేలమీద బోర్లా పడి ఉంది.

“నిన్న తీసుకుపోయారు నాయనా,” అంది ఇంటావిడ. “ఎక్కడికయ్యా అనడిగితే, నువ్వూ వస్తావా అన్నారు.”

రెండో చిరునామాలో అంతే. మూడోచోట పక్కింటివాళ్ళు తలుపే తియ్యలేదు. సాయంత్రానికి పదిహేడు గదులూ తిరిగారు. పదిహేడూ ఖాళీ.

దోక్సూ సంగిల్ చొక్కా పట్టుకుని లాగాడు. “ఎవరి కాళ్ళు పట్టుకుందాం అన్నా?”

సర్కారులో వాళ్ళకి తెలిసిన మనిషి ఒక్కడే. పరిగెత్తారు.

బాంగ్ అంతా విన్నాడు. బార్లీ టీ పోసి ఇద్దరికీ అందించాడు. సొరుగులోంచి పాట అనుమతికి పెట్టే ఖాళీ దరఖాస్తు ఒకటి తీసి సంగిల్ ముందుకి తోశాడు.

“కుట్టుపనివాళ్ళంతా దొరికారు, ఈసారి బొగ్గుగనుల మీద రాయి.”